సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇంట్లో 'ఆగస్ట్ రష్' చూడాలంటే

'ఆగస్ట్ రష్' 2007 నవంబరులో వచ్చిన ఇంగ్లీషు సినిమా. దర్శకురాలు కిర్‌స్టెన్ షెరిడన్. నిడివి రెండు గంటల లోపే. లైలా చెల్లో (వయొలిన్ జాతికి చెందిన పెద్ద తీగవాద్యం) వాయిస్తుంది, లూయిస్ ఐరిష్ రాక్ గాయకుడు. ఒక్క రాత్రి పరిచయంతోనే ఇద్దరూ విడిపోతారు. పుట్టిన బిడ్డ బతకలేదని లైలాకు ఆమె తండ్రి అబద్ధం చెబుతాడు. ఆ బిడ్డే ఇవాన్. అనాథాశ్రమంలో పెరిగి, పదకొండేళ్ల వయసులో అక్కణ్ణుంచి పారిపోయి న్యూయార్క్ చేరతాడు. తాను వాయించే సంగీతం వింటే అమ్మానాన్నలు తనను వెతుక్కుంటూ వస్తారని వాడి నమ్మకం. తప్పిపోయినవాళ్లు పాటతో కలుసుకోవడం మన సినిమాలకు పాత సంగతే కాబట్టి కథ ఎటు పోతుందో మొదటి పావుగంటలోనే తెలిసిపోతుంది. అయినా చివరి సన్నివేశం దాకా కూర్చోబెడుతుంది, కళ్లు తడుపుతుంది.

ఇంటిల్లిపాదీ చూడదగ్గ సినిమా, అందులో సందేహం లేదు. వినడం గురించి ఇది చెప్పేదంతా నిజం. నేర్చుకోవడం గురించి చూపించేది మాత్రం చాలావరకు నిజం కాదు. పిల్లలకు ఈ రెండూ విడదీసి చెప్పగలిగితే, గిటారో వీణో కీబోర్డో నేర్చుకుంటున్న పిల్లాడికి దీనివల్ల మంచే జరుగుతుంది. చెప్పకపోతే, "వాడికి ఒక్క రోజులో వచ్చింది, నాకెందుకు రావట్లేదు" అని సాధన మీద విసుగు పుడుతుంది.

ముందు వినడం సంగతి. మొదటి దృశ్యంలోనే ఇవాన్ ఎత్తుగా పెరిగిన గడ్డి మధ్య నిలబడి, గాలికి అది ఊగుతుంటే చేతులు ఆడిస్తూ ఉంటాడు. న్యూయార్క్‌లో అడుగుపెట్టగానే హారన్లు, అడుగుల చప్పుళ్లు, రైలు మోత మొదట గందరగోళంగా మీద పడతాయి. తర్వాత ఒక్కొక్కటే ఒక లయలోకి వచ్చి కూర్చుంటాయి. మాటలేమీ లేకుండా, పిల్లాడి చెవిలోపల ఏం జరుగుతోందో ఇంత బాగా చూపించిన సన్నివేశాలు అరుదు. లైలా చెల్లో మీద పాశ్చాత్య స్వరకర్త బాక్ సంగీతం వాయిస్తుంటే, వేరే చోట లూయిస్ బ్యాండు పాడుతుంటుంది. ఆ రెండూ ఒకే శ్రుతిలో, ఒకే నడకలో కలిసిపోయేలా అల్లారు. తల్లీతండ్రీ ఇంకా కలవకముందే వాళ్ల సంగీతాలు కలిసిపోయాయన్నమాట. సంగీత దర్శకుడు మార్క్ మాన్సినా పనితనం అంతా ఇక్కడ తెలుస్తుంది.

అందుకే దీన్ని ఫోన్ స్పీకర్లో చూస్తే సగం పోతుంది. చెల్లో అడుగు తీగ సుమారు 65 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. ఫోన్ స్పీకర్‌కి, పలచటి టీవీల్లో ఉండే చిన్న స్పీకర్లకి అంత కింది స్వరం పలికే శక్తి లేదు. సౌండ్‌బార్ ఉంటే టీవీకి కేబుల్‌తో కలపండి, హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ అయినా సరే, ఆప్టికల్ అయినా సరే. బ్లూటూత్‌తో కలిపితే చాలా సెట్లలో శబ్దం 100 నుంచి 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. మాటలప్పుడు అంతగా తెలియదు. చివర్లో పిల్లాడు ఆర్కెస్ట్రాను నడిపించేటప్పుడు మాత్రం తేడా కొడుతుంది. నిమిషానికి 120 దెబ్బల నడక అయితే ఒక్కో దెబ్బకు 500 మిల్లీసెకన్లు. అందులో 200 వెనకబడితే చెయ్యి ఒక చోట, తాళం ఇంకో చోట. నైట్ మోడ్, మాటలు స్పష్టంగా వినిపించే మోడ్ లాంటివి ఆన్‌లో ఉంటే ఆపేయండి. అవి చిన్న శబ్దాలను పెంచి పెద్దవాటిని అణిచేస్తాయి. ఈ సినిమాకు ప్రాణం ఆ ఎత్తుపల్లాల్లోనే ఉంది. లూయిస్ ఐరిష్ యాస పట్టుకోవడం కష్టం కాబట్టి సబ్‌టైటిల్స్ పెట్టుకోవడం మేలు.

పిల్లలు మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూసేది గిటారు సన్నివేశం. వీధి పిల్లలుండే పాడుబడ్డ థియేటర్లో ఆర్థర్ అనే కుర్రాడి గిటారు ఇవాన్ చేతికి చిక్కుతుంది. అందరిలా మీటడు. అరచేత్తో తీగల మీద కొడతాడు, వెంటనే చెయ్యి తీసేస్తాడు. కర్ర డప్పులా మోగుతుంది, దాని మీద గంటల్లాంటి స్వరాలు లేస్తాయి. నిజానికి అక్కడ వినిపించేది అమెరికన్ గిటారిస్టు కాకీ కింగ్ వాయిద్యం. దగ్గరి షాట్లలో కనబడే చేతులూ ఆమెవే. మైఖేల్ హెడ్జెస్ స్వరపరిచిన 'రిచువల్ డ్యాన్స్' కూడా ఇందులో ఆమె వాయించింది. సినిమా అయ్యాక ఈ సంగతి పిల్లలకు తప్పకుండా చెప్పండి. తెర మీద అప్పుడే గిటారు ముట్టుకున్నవాడిలా కనిపించే ఆ చేతుల వెనక ఏళ్ల సాధన ఉంది.

ఆ శబ్దం ఎలా వస్తుందో ఇంట్లో చేసి చూపించొచ్చు. స్టీలు తీగల గిటారు కావాలి, నైలాన్ తీగలకు ఆ మోత రాదు. మామూలు శ్రుతి కింది నుంచి పైకి ఇ, ఎ, డి, జి, బి, ఇ. దాన్ని డి, ఎ, డి, జి, ఎ, డి చేయాలి. అంటే అన్నిటికంటే లావుగా ఉండే ఆరో తీగ ఇ నుంచి డి కి, రెండోది బి నుంచి ఎ కి, మొదటిది ఇ నుంచి డి కి దించాలి. మిగతా మూడూ కదపనక్కర్లేదు. మూడూ దించడమే, ఎక్కడా బిగించే పని లేదు. పొరపాటున మొదటి తీగను పైకి బిగిస్తే తెగి మొహానికి కొట్టే ప్రమాదముంది, కాబట్టి ట్యూనర్ యాప్ ఎదురుగా పెట్టుకుని తిప్పాలి. ఇప్పుడు చూపుడు వేలు చాచి, గిటారు మెడ మీద అడ్డంగా ఉండే ఫ్రెట్ కమ్మీల్లో సరిగ్గా పన్నెండోదాని మీద, ఆరు తీగలూ తగిలేలా ఒక్క దెబ్బ కొట్టి వెంటనే ఎత్తేయాలి. తీగలు పై స్థాయిలో ఒక్కసారిగా మోగుతాయి. ఏడో ఫ్రెట్ మీద కొడితే ఇంకో రంగు, అయిదో దాని మీద ఇంకా సన్నని గంట.

పిల్లలకు వచ్చే ఇబ్బంది ఒక్కటే, చెయ్యి తీయరు. వేలు తీగ మీద క్షణం నిలిచినా మోత చచ్చి 'టక్' అని ఊరుకుంటుంది. బలం పెంచితే ఫలితం ఉండదు, వేగంగా ఎత్తడం రావాలి. కమ్మీకి అటూ ఇటూ జరిగి కొట్టినా అంతే. పక్కన ఎవరైనా పెద్దవాళ్లు నిలబడి "కొట్టు, తియ్యి" అంటూ నెమ్మదిగా ఆదితాళం ఎనిమిది అక్షరాలకు ఒక్కో దెబ్బ చొప్పున కొట్టిస్తే కుదురుతుంది. అయ్యాక మూడు తీగలూ తిరిగి మామూలు శ్రుతికి తెచ్చేయాలి. లేకపోతే మర్నాడు క్లాసులో మాస్టారి చేతిలో ఏ కార్డూ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటేది) పలకదు.

ఇక నేర్చుకోవడం సంగతి. పోలీసులు థియేటర్ మీద పడితే ఇవాన్ తప్పించుకుని, ఒక చర్చిలోంచి వస్తున్న పాట పట్టుకుని అక్కడికి చేరతాడు. 'రెయిజ్ ఇట్ అప్' అనే ఆ పాట ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. నిజంగానే గుండెను పట్టుకుని లేపుతుంది. అక్కడ హోప్ అనే చిన్నపిల్ల వాడికి పియానో మీద స్వరాల పేర్లు చెబుతుంది. కాసేపటికల్లా వాడు కాగితాల నిండా స్వరాలు రాసేస్తాడు. ఆపైన న్యూయార్క్‌లోని పేరున్న సంగీత కళాశాల జూలియార్డ్‌లో చోటు, చివరికి సెంట్రల్ పార్క్‌లో తను ఆర్కెస్ట్రాకు రాసిన రాప్సొడీ అనే కృతిని తనే నడిపించడం.

సినిమా ఘోరంగా తొందరపడింది ఇక్కడే. ఆర్కెస్ట్రాకు రాయడమంటే బుర్రలో మోగినదాన్ని కాగితం మీద పెట్టడం ఒక్కటే కాదు. బి ఫ్లాట్ క్లారినెట్‌కు వినిపించాల్సిన స్వరం కంటే ఒక పూర్తి స్వరం పైన రాయాలి. ఎఫ్ హార్న్‌కు పంచమం, అంటే ఏడు అర్ధస్వరాలు, పైన రాయాలి. వయోలాకు వేరే క్లెఫ్ (ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు). ఏ వాయిద్యం ఎంత కిందికి, ఎంత పైకి పోగలదో, ఊదేవాళ్లకు ఊపిరి ఎక్కడ అందాలో చూసుకోవాలి. ప్రతి స్టాండుకూ విడి కాగితాలు సిద్ధం చేయాలి. ఎంత పుట్టుకతో వచ్చిన విద్య అయినా ఇవన్నీ ఒకరు చెబితేనే తెలిసేవి.

మన దగ్గరే నిజమైన ఉదాహరణలున్నాయి, సినిమా అయ్యాక వాటిని వినిపిస్తే బాగుంటుంది. పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ ఆరేళ్ల వయసులో తండ్రి మాండలిన్ అందుకున్నాడు. ఇంతవరకూ అచ్చం ఈ సినిమానే. కానీ అక్కడ రుద్రరాజు సుబ్బరాజు గారనే గురువు ఉన్నారు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు దాన్ని తీగల మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ. మంగళంపల్లి బాలమురళీకృష్ణకు తల్లి పసితనంలోనే పోయింది. తండ్రి పట్టాభిరామయ్య వేణువు వాయించేవారు. పిల్లాణ్ణి పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర పెట్టారు. కౌమారంలోనే 72 మేళకర్త రాగాల్లో కీర్తనలు కట్టేశాడంటే అది ఏ సినిమాకూ తీసిపోని అద్భుతం. ఆ అద్భుతం వెనక త్యాగరాజు శిష్యపరంపర అంతా నిలబడి ఉంది. 'ఆగస్ట్ రష్'లో లేనిది ఆ పంతులు గారు. సినిమాలో ఒకే ఒక్క మంచి గురువును పది నిమిషాలు నిలబెట్టి ఉంటే దీని స్థాయి వేరుగా ఉండేది.

నటన దగ్గర ఇవాన్‌గా చేసిన ఫ్రెడ్డీ హైమోర్‌దే అగ్రస్థానం. ఎక్కువ మాట్లాడకుండా వినేవాడిలా కనబడటం చిన్న విషయం కాదు. లైలాగా కెరీ రస్సెల్ సరిపోయింది. లూయిస్‌గా చేసిన జొనాథన్ రీస్ మేయర్స్ తన పాటలు తనే పాడాడు, అది తెలుస్తుంది కూడా. పిల్లల చేత వీధుల్లో వాయింపించి ఆ డబ్బు తీసుకునే 'విజార్డ్' పాత్ర రాబిన్ విలియమ్స్‌ది. ఒక వాహనం మీది మాటలు చూసి ఇవాన్‌కు 'ఆగస్ట్ రష్' అని పేరు పెట్టేది ఇతనే. ఒక నిమిషం ఆప్యాయంగా, మరో నిమిషం భయం పుట్టించేలా ఉంటాడు. ఎనిమిదేళ్లలోపు పిల్లలు ఇతన్ని చూసి బెదిరిపోవచ్చు. బిడ్డ పోయిందని తల్లికి చెప్పే ఆస్పత్రి సన్నివేశం కూడా చిన్నవాళ్లకు బరువే. అసభ్యత ఏమీ లేదు, తాతయ్య నానమ్మలతో కూర్చుని చూడొచ్చు.

విజార్డ్ గురించి పిల్లలు అడిగితే దాటవేయకండి. సిగ్నళ్ల దగ్గర పిల్లల చేత అడుక్కోబెట్టేవాళ్లు మన ఊళ్లోనూ ఉన్నారు. తెలంగాణ పోలీసులు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో వెతికేది ఇలాంటి పిల్లల కోసమే. అలా ఎవరైనా కనిపిస్తే చేతిలో డబ్బు పెట్టడం కంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి, ఏ కూడలి, ఏ వైపు, పిల్లలు ఎందరు, వెంట పెద్దవాళ్లెవరైనా ఉన్నారా అన్నవి చెప్పడం ఉపయోగం.

దత్తత తీసుకున్న పిల్లలున్న ఇళ్లలో పెద్దలు ముందుగా ఒక్కరే చూడటం అవసరం. కన్నవాళ్లు ఎక్కడో ఎదురుచూస్తున్నారు, గట్టిగా కోరుకుంటే వస్తారు అనే మాట ఈ కథకు వెన్నెముక. పెంచిన ప్రేమకు ఇందులో చోటే లేదు. ఆ పిల్లల మనసులో ఇది ఎలాంటి ప్రశ్నలు లేపుతుందో ముందే ఆలోచించుకుని, తర్వాత కూర్చుని మాట్లాడే తీరిక ఉన్న రోజునే పెట్టండి.

సినిమా అవగానే "నాకూ గిటారు కావాలి" అనడం ఖాయం. పదేళ్ల లోపు పిల్లాడికి 41 అంగుళాల గిటారు కొంటే భుజం ఎత్తి పట్టుకోవాల్సి వస్తుంది, నాలుగో నెలకల్లా మూలన పడుతుంది. 36 అంగుళాల త్రీ ఫోర్త్ సైజు చాలు. హైదరాబాద్ కోఠిలో కొన్నా సికింద్రాబాద్‌లో కొన్నా పన్నెండో ఫ్రెట్ దగ్గర ఆరో తీగకూ కమ్మీకీ మధ్య ఎడం చూడండి. రెండున్నర మిల్లీమీటర్లకు బాగా మించితే పిల్లల వేళ్లు నొక్కలేవు, షాపులోనే తగ్గించి ఇమ్మనండి. ఎండాకాలంలో చెక్క ఆరిపోయి తీగలు దిగి జరజరమంటాయి, వానాకాలంలో ఉబ్బి పైకి లేస్తాయి. గోడకు తగిలించకుండా, ఏసీ గాలి తగలకుండా సంచిలో పెట్టుకుంటే ఈ బాధ తగ్గుతుంది.

శాస్త్రీయ సంగీతం వైపు వెళ్లాలనుకుంటే రాంకోఠిలో శ్రీ త్యాగరాజ, సికింద్రాబాద్‌లో శ్రీ భక్త రామదాసు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలు ఉన్నాయి. నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా. మొదలు మాత్రం అందరికీ మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలే.