ఒంటరి సాధన, తోటివారితో సాధన, జనం ముందు ఆట: ఏది మేలు?

మా అనంతపురంలో తెల్లవారుజామున ఏ మైదానానికి వెళ్లినా మూడు రకాల సాధన కనిపిస్తుంది. ఒక మూల ఒక్కడే గోడకేసి బంతి కొట్టుకుంటూ ఉంటాడు. మరోవైపు నలుగురైదుగురు పక్కపక్కనే పరుగెత్తుతూ ఉంటారు. క్రికెట్ నెట్స్ దగ్గర మాత్రం ఆడేవారికన్నా చూసేవారే ఎక్కువ. పిల్లలకు వీటిలో ఏది మేలని అడిగితే, నలుగురిలో పడితేనే బెరుకు పోతుందన్న జవాబే సాధారణంగా వినబడుతుంది. అది సగమే నిజమని నా అభిప్రాయం.

ఈ విషయాన్ని మొదట లెక్కగట్టి చూసినవారిలో అమెరికాకు చెందిన నార్మన్ ట్రిప్లెట్ ఒకరు. సైకిలు పందేల రికార్డులను పరిశీలించిన ఆయన, ఒంటరిగా గడియారంతో పోటీపడినవారికన్నా తోటివారితో కలిసి తొక్కినవారే వేగంగా వెళ్లారని 1898లో ప్రచురించారు. అయితే ముందున్న సైకిలు గాలిని అడ్డుకోవడం వల్ల కూడా వెనకవాడికి లాభం కలుగుతుంది. గాలితో సంబంధం లేకుండా గాలపు దారం చుట్టే రీలును ఆయనే 40 మంది పిల్లల చేత ఒంటరిగా కొన్నిసార్లు, జంటగా కొన్నిసార్లు తిప్పించగా, జంటలో 20 మంది వేగం పుంజుకున్నారు, 10 మందిలో పెద్ద తేడా రాలేదు, తక్కిన 10 మంది తడబడి వెనకబడ్డారు. తోడే మేలనేవారు ఆ 20 మందినే తలచుకుంటారు. నాకు మాత్రం తడబడిన 10 మంది మీదే ధ్యాస.

వారెందుకు తడబడ్డారన్న ప్రశ్నకు 1965లో మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ చెప్పిన సమాధానం నాకు నచ్చింది. పక్కన మరొకరుంటే ఒంట్లో ఉద్రేకం పెరుగుతుంది, ఆ ఉద్రేకంలో మనకు బాగా అలవాటైనదేదో అదే ముందు బయటపడుతుంది. అలవాటైనది సరైన పద్ధతి అయితే ఆట మెరుగవుతుంది, తప్పు అయితే ఆ తప్పే బలపడుతుంది. 1969లో ఆయన బృందం దీన్ని బొద్దింకల మీద కూడా చూసింది: తోటి బొద్దింకలు చూస్తుండగా అవి తిన్నని దారిలో త్వరగా పరుగెత్తాయి, మలుపు తిరగవలసిన దారిలో ఆలస్యం చేశాయి. (బొద్దింకకు పరువు భయమేమిటని నవ్వు రావచ్చు, మన తిరునాళ్ల బండలాగుడు పోటీల్లో జనం కేకలకు ఎద్దుల తీరు మారడం చూసినవారికి అంత నవ్వు రాదు.) 1982లో బిలియర్డ్స్ తరహా పూల్ ఆటగాళ్లను గమనించినప్పుడు, నలుగురు దగ్గరగా నిలబడి చూస్తుంటే నేర్పరుల గురి 71 శాతం నుంచి 80కి పెరిగింది, నేర్పు లేనివారిది 36 నుంచి 25కి పడిపోయింది.

మా మేనల్లుడి విషయంలో ఇది కళ్లారా చూశాను. 2024 సెప్టెంబరులో ఆర్డీటీ మైదానంలో దులీప్ ట్రోఫీ మ్యాచ్ చూసి వచ్చిన మరునాటి నుంచే వాడు లెగ్ స్పిన్ పట్టుకున్నాడు. డాబా మీద టెన్నిస్ బంతితో వేస్తే పదింటికి ఆరు చక్కగా తిరిగేవి. వారం తిరక్కుండానే నేను వాణ్ణి నెట్స్‌కు తీసుకెళ్లాను. వెనక పెద్ద పిల్లలు చేతులు కట్టుకొని నిలబడేసరికి వాడి మణికట్టు బిగుసుకుపోయింది. మొదటి బంతి ఫుల్‌టాస్, రెండోది వాడి కాళ్ల ముందే పడింది, మూడో బంతికి స్పిన్ మానేసి పాత అలవాటు ప్రకారం తిన్నగా విసిరాడు. "మామా, ఇంటికి పోదాం" అన్నాడు. వాడికి ధైర్యం లేక కాదు, మణికట్టుకు ఆ తిప్పు ఇంకా అలవాటు కాలేదు. తొందర నాది.

అందుచేత కొత్త మెళకువ నేర్చుకునేటప్పుడు ఏకాంతమే మేలని, అవసరమైతే గురువు ఒక్కరు ఉంటే చాలని నేను నిస్సంకోచంగా చెబుతాను. పరుగు, స్కిప్పింగ్ వంటి ఒంటికి పట్టిన పనులకు మాత్రం తోడు ఎంతో ఉపకరిస్తుంది. ఇక్కడొక మెలిక ఉంది: ఎవరి పరుగు వారిదిగా పక్కపక్కన పరుగెత్తడం వేరు, అందరూ కలిసి ఒకే తాడు లాగడం వేరు. ఫ్రాన్స్‌కు చెందిన రింగెల్మన్ తాడు లాగించి చూసినప్పుడు, 8 మంది కలిస్తే ఒక్కొక్కరి లాగుడు ఒంటరి బలంలో దాదాపు సగానికి దిగింది. ఇరవై మందిని ఒకే వరుసలో నిలబెట్టి చేయించే కసరత్తులో వెనకవాడు ఎంత దాక్కుంటాడో ఏ డ్రిల్లు మాస్టరునడిగినా చెబుతారు.

ఇక జనం. కోవిడ్ కాలంలో ఖాళీ స్టేడియాల్లో ఫుట్‌బాల్ ఆడినప్పుడు సొంత జట్టుకుండే అనుకూలత తగ్గింది. అతిథి జట్టుకు చూపే పసుపు కార్డులూ తగ్గాయి. అంటే జనం కేకలు ఆటగాడి కాళ్లనే కాదు, రిఫరీ చేతినీ కదిలిస్తాయన్నమాట. అయితే జనం లేకపోతే ఆట చప్పబడుతుందని కూడా అనలేము: 2021 ఆగస్టు 7న టోక్యోలో ప్రేక్షకులు లేని స్టేడియంలోనే నీరజ్ చోప్రా 87.58 మీటర్లు విసిరి స్వర్ణం గెలిచాడు. చుట్టూ 11 మంది పోటీదారులున్నారు, అతడికి ఆ తోడు చాలింది.

ఏకాంతానికీ జనానికీ మధ్య ఒక మెట్టు ఉంది. 2001లో బైలాక్, కార్ అనే పరిశోధకులు జరిపిన గోల్ఫ్ ప్రయోగాల్లో, కెమెరా ముందు సాధన చేసినవారు తర్వాత ఒత్తిడిలో అంతగా తడబడలేదు. తనను ఎవరో గమనిస్తున్నారన్న స్పృహకు ముందే అలవాటుపడటమే దీనిలోని కిటుకు. మా ఇంట్లో అందుకు ఖర్చేమీ కాలేదు. డాబా పిట్టగోడ మీద ఇటుకకు ఆనించిన ఫోను ముందు మూడు నెలలు వేశాక, మావాడే నెట్స్‌కు పోదామని అడిగాడు. ఆ రోజు మొదటి బంతి మళ్లీ ఫుల్‌టాసే. రెండోది మాత్రం తిరిగింది.