తాడును పట్టి వదిలే గ్రిప్పుతో పదేళ్లు

కదిలే ఉక్కు తాడుకు వేలాడే కేబిన్లలో జనాన్ని తీసుకెళ్లే గొండోలా లిఫ్టుల నిర్వహణ పనిలో పదేళ్లుగా ఉన్నాను. ఇంతకాలమూ నా చేతుల మీదుగా వెళ్లినవి కాయిల్ స్ప్రింగులతో పనిచేసే విడివడే గ్రిప్పులు (స్టేషన్‌లో తాడును వదిలి, బయలుదేరేటప్పుడు మళ్లీ పట్టుకునేవి) కాబట్టి, ఈ సమీక్షను కేబిన్‌లో కూర్చున్నవారి అనుభవంగా కాక, ఆ కేబిన్‌ను తాడుకు వేలాడదీసే పరికరాన్ని విప్పి, తుడిచి, కొలిచి, మళ్లీ బిగించినవాడి అనుభవంగా చదవాలని మనవి.

గ్రిప్పుకు రెండు దవడలుంటాయి. ఒకటి కదలదు, రెండోదాన్ని స్ప్రింగు ఎప్పుడూ మూసే వైపుకే నెడుతుంది. కేబిన్ స్టేషన్‌లోకి వచ్చినప్పుడు గ్రిప్పు చక్రాలు ఒక పట్టా మీదికెక్కి బరువును మోస్తాయి. అదే సమయంలో లీవరు చివరనున్న రోలరును ఒంపు తిరిగిన మరో పట్టా నొక్కడంతో దవడ తెరుచుకుంటుంది, తాడు మాత్రం సెకనుకు దాదాపు 6 మీటర్ల వేగంతో తన దారిన తాను సాగిపోతుంది. వరుసగా తిరిగే రబ్బరు టైర్లు కేబిన్‌ను పట్టుకుని, జనం ఎక్కి దిగగలిగేంత నెమ్మదిగా, అంటే సెకనుకు 0.3 మీటర్ల దరిదాపుల్లో నడిపిస్తాయి. బయటికి పంపేటప్పుడు ఆ టైర్లే కేబిన్‌ను తాడు వేగానికి చేర్చాలి. నేను చూసిన స్టేషన్లలో టైర్లకు శక్తి తాడు తిప్పే పుల్లీల నుంచే బెల్టుల ద్వారా అందుతుంది కనుక తాడు నెమ్మదిస్తే టైర్లూ అదే నిష్పత్తిలో నెమ్మదిస్తాయి. ఈ ఏర్పాటు నాకు మొదటి రోజు నుంచీ ముచ్చటగానే ఉంది.

అయితే దీన్ని నేను నమ్మడానికి అసలు కారణం, బయలుదేరిన ప్రతిసారీ స్ప్రింగు బలాన్ని యంత్రమే కొలిచి చూడటం. స్టేషన్ పట్టాలో ఒకచోట లోడ్ సెల్ (బలాన్ని కొలిచే సెన్సారు) మీద కూర్చున్న చిన్న ముక్క ఉంటుంది. అది లీవరును కొద్దిగా ఎత్తి, స్ప్రింగు ఎంత గట్టిగా ఎదురు తిరుగుతోందో చూస్తుంది, లెక్క తగ్గితే లైను ఆగిపోతుంది. ఒక చలికాలంలో ఒకే కేబిన్ వద్ద రెండు రోజుల పాటు లైను ఇలా పదేపదే ఆగింది. స్ప్రింగులు మార్చాము, లోడ్ సెల్ సరిచూశాము, ఫలితం లేదు. చివరికి లీవరు రోలరుకు కాలిపర్ పెడితే, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగు అరిగి వ్యాసం తగ్గిందని తేలింది. కొలిచే ముక్క లీవరును కావలసినంత ఎత్తలేకపోవడం వల్లనే బలం తక్కువగా కనిపించింది. ఆ రోలరును ఎంతవరకు అరగనివ్వవచ్చో తయారీదారు పుస్తకంలో వెతికితే, సంబంధం లేని అధ్యాయంలో ఒక్క వాక్యం మాత్రమే దొరికింది. ఇంత ఖరీదైన పరికరానికి ఇది తగని నిర్లక్ష్యం.

స్ప్రింగుల విషయంలో ఫిర్యాదు లేదు. ఇవి నొక్కుడు పడే స్ప్రింగులు గనుక, ఒక చుట్టు విరిగినా రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి ఆనుకుని చాలావరకు నెడుతూనే ఉంటాయి. సాగే స్ప్రింగు విరిగితే పట్టు పూర్తిగా పోయేది. తాడు పాతబడి కాస్త సన్నబడినా దవడ తనంతట తానే సర్దుకుంటుంది. తాడును ఎప్పుడూ వదలని స్థిర గ్రిప్పులను, తాడు ఒకేచోట అలిసిపోకుండా అప్పుడప్పుడు జరపవలసి ఉంటుంది. విడివడే గ్రిప్పు ప్రతి చుట్టులోనూ వేరే చోట పట్టుకుంటుంది కాబట్టి ఆ చాకిరీ మాకు తప్పింది.

చాకిరీ ఇంకోచోట ఎదురవుతుంది. దవడ, లీవరు వంటి ఉక్కు భాగాలను వంతులవారీగా విప్పి, పెయింటు తొలగించి, కంటికి కనపడని పగుళ్ల కోసం అయస్కాంత పొడితో పరీక్షించాలి. ఒక్కో గ్రిప్పుకు సగం రోజు సులభంగా పోతుంది. మంచు కురిసిన రాత్రుల తర్వాత తాడు మీద గడ్డకట్టిన పొర దవడకూ ఉక్కుకూ మధ్య చేరితే పట్టు సరిగా కుదరదు, కాబట్టి తెల్లవారుజామున కేబిన్లు లేకుండా లైను తిప్పి మంచు రాల్చిన తర్వాతే వాటిని ఒక్కొక్కటిగా గ్యారేజీ నుంచి బయటికి తీస్తాము. అప్పుడు దవడ మూసుకునే చప్పుడు పొడిగా, ఒకే దెబ్బగా వినిపించాలి. రెండు దెబ్బలుగా వినిపిస్తే, కొలత సరిగానే ఉందని తెర మీద చూపిస్తున్నా సరే, నేను ఆ కేబిన్‌ను పక్కకు తీయిస్తాను.