కోడ్ కొట్టినా ఆగని సైరన్: ఐదేళ్లు వాడాక

ఇంటికి బిగించే దొంగల అలారంలో తలుపు తెరిస్తే అయస్కాంతం దూరమై సెన్సార్‌కు తెలియడం, గదిలో మనిషి కదిలితే ఒంటి వేడిని మరో సెన్సార్ పసిగట్టడం, ఇవన్నీ అందరికీ తెలిసినవే. నేను చెప్పదలచుకున్నది బ్యాటరీ గురించి. బిగించిన ఏడాదిలో ఈ అలారం గురించి అడిగినవారందరికీ "పెట్టుకుని మరిచిపోవచ్చు" అని చెప్పాను. ఆ మాటలో రెండో సగం ఇప్పుడు అనను.

నాలుగో ఏడాది చివర్లో ఒక రాత్రి కరెంటు పోయింది. పది నిమిషాలైనా కాకముందే బయటి గోడ మీది సైరన్ మోగింది. దొంగ పడ్డాడనే అనుకున్నాను. చూస్తే తలుపులన్నీ వేసినవి వేసినట్టే ఉన్నాయి. కీప్యాడ్ మీద ఒక్క దీపమూ వెలగడం లేదు. కోడ్ నాలుగుసార్లు కొట్టాను, ఉలుకూ పలుకూ లేదు. అమ్మ మంచం మీద లేచి కూర్చుని రెండు చెవులూ మూసుకుంది. పక్కింటివాళ్లు టార్చిలైట్లతో పరుగెత్తుకొచ్చారు. పావుగంట తర్వాత గడువు తీరి సైరన్ దానంతటదే ఆగింది. అప్పటిదాకా నా చేతిలో ఏమీ లేకపోయింది.

మర్నాడు మెకానిక్ అలారం మొత్తాన్ని నడిపే ప్యానెల్ పెట్టె తెరిచాడు. కరెంటు పోతే ప్యానెల్‌ను నిలబెట్టాల్సిన లోపలి 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ పక్కలకు ఉబ్బి ఉంది. చార్జింగులో ఉండగా మీటర్ 13 వోల్టుల పైనే చూపించింది. చార్జింగ్ తీసేసి లోడ్ పెట్టగానే కుప్పకూలింది. ఇలాంటి బ్యాటరీల ఆయుష్షు మూడు నుంచి ఐదేళ్లేనట. మా ప్యానెల్ మాత్రం ఒక్కసారీ హెచ్చరించలేదు. తలుపుల సెన్సార్లలో చిన్న సెల్ అయిపోతుంటే వారాల ముందే చెప్పే యంత్రం, తన ప్రాణాధారం గురించి నోరు మెదపకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

సైరన్‌కు సొంత బ్యాటరీ వేరుగా ఉంది. ప్యానెల్ నుంచి కరెంటు అందుతున్నంతసేపే అది మౌనంగా ఉంటుంది. తీగ కోసినా, ప్యానెల్ పగలగొట్టినా, కరెంటు లేనప్పుడు లోపలి బ్యాటరీ చచ్చిపోయినా దానికి ఒకటే లెక్క: మోగాలి. ఆ రాత్రి దాన్ని ఎంత తిట్టుకున్నానో, ఇప్పుడు ఈ మొత్తం ఏర్పాటులో దాన్నే అంతగా నమ్ముతున్నాను.

కొత్త బ్యాటరీ మీద వేసిన తేదీ రాసి పెట్టాను. మూడు నెలలకోసారి పక్కింటివాళ్లకు ముందే చెప్పి, అలారానికి వచ్చే కరెంటును అరగంట ఆపి చూస్తాను. ఇప్పటికి నాలుగుసార్లు నిలబడింది.

మళ్లీ కొంటానా అంటే, మా ఇంటికి కొంటాను. మాకు కరెంటు అరుదుగా పోతుంది కాబట్టే లోపం అన్నాళ్లు దాగింది. తరచూ పోయే ఇంట్లో ముందే బయటపడేదేమో. పగలంతా పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇంటికైతే, ఆ అరగంట పరీక్ష చేయడానికి ఎవరో ఒకరు ఒప్పుకున్నాకే కొనమంటాను.