పొడ తూర్పు కోడెల జత: కొనుగోలుదారుగా నా సమీక్ష

అచ్చంపేట దాటి పైకెక్కితే వచ్చే అమ్రాబాద్ పీఠభూమిలో, ఆవుల మందను మేపుకునే ఒక తండా కుటుంబం వద్ద కొన్న పొడ తూర్పు జాతి కోడెలతో నేను పత్తి, కంది పంటలకు సేద్యం చేస్తున్నాను. తెల్లని ఒంటిపై గోధుమ రంగు పొడలున్న ఈ పశువులను అందం చూసి కొనేవారు ఉన్నారు. నేను మాత్రం చెలకలో వాటి పనితనం చూసి ఈ సమీక్ష రాస్తున్నాను.

వాన వెలిసి నేల ఇంకా మెత్తగా ఉన్నప్పుడు, ట్రాక్టర్ దిగబడే చోట కూడా ఈ జత పత్తి సాళ్ల మధ్య గుంటకను మొక్కకు తగలకుండా లాగుతుంది. గుట్టల్లో, బండల మధ్య మేసి పెరిగినందువల్ల గిట్టలు గట్టివి. రాళ్లు తేలిన చెలకలో అడుగు తడబడదు, ఎండ ముదిరినా త్వరగా అలసిపోవు. జొన్న చొప్ప, వేరుశనగ పొట్టు వంటి ఇంటి మేతతోనే ఒళ్లు నిలుపుకుంటాయి కనుక దాణా ఖర్చు తక్కువ.

లోపాలు కూడా చెప్పాలి. అడవిలో స్వేచ్ఛగా తిరిగిన కోడెలు కొత్త మనిషిని దగ్గరికి రానీయవు. కాడి అలవాటు చేయడానికి ఓపిక కావాలి. పని తెలిసిన ముదురు ఎద్దుతో జత కట్టి నేర్పడం మేలు. పాడి కోసం ఈ జాతి ఆవును కొనేవారికి మాత్రం నిరాశ తప్పదు, ఎందుకంటే అది రోజుకు 2 నుంచి 3 లీటర్లకు మించి ఇవ్వడం అరుదు, ఆ పాలను కూడా పెంపకందారులు ఎక్కువగా దూడకే వదిలేస్తారు.

దీపావళి తర్వాత జరిగే కురుమూర్తి జాతరలోనూ ఈ కోడెలు అమ్మకానికి వస్తాయి. అయితే అంగడిలో తువ్వాల చాటున వేళ్లు పట్టుకుని సాగే బేరంలో దళారి వాటా పోతుంది, తల్లి ఆవును చూసే వీలూ ఉండదు. తండాకు వెళ్లి కొంటే ఆవునూ, మందలోని ఆబోతునూ చూసుకోవచ్చు, సొమ్ము మొత్తం పెంచిన చేతికే చేరుతుంది.

అక్కడికి వెళ్లినవారికి ఇంకొక విషయం కూడా అర్థమవుతుంది. ఈ కోడెలు దొడ్డిలో తయారయ్యేవి కావు. నల్లమల గడ్డీ, వాగులూ ఉన్నంతవరకే మంద ఉంటుంది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దీనిని ప్రత్యేక జాతిగా నమోదు చేసిందంటే, అందుకు ఆధారం తరతరాలుగా మందను చెదరనీయకుండా కాపాడిన ఈ కుటుంబాలే. 2019లో యురేనియం అన్వేషణకు అమ్రాబాద్ అడవిలో 83 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని ఎంచుకున్నప్పుడు పీఠభూమి ప్రజలు ఊరూరా నిలబడి వ్యతిరేకించారు. ఆ సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆనాడు నిలిచింది ఈ పశువుల మేత కూడా.

ఇప్పటి చిక్కు వేరు. ట్రాక్టర్లు వచ్చి కోడెలకు గిరాకీ తగ్గింది. 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో మేపుకు ఆంక్షలున్నాయి. పులికి ప్రశాంతమైన అడవి కావాలన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ 2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయ మేత హక్కును గుర్తించింది కాబట్టి, ఏ దారిన, ఏ కాలంలో మేపుకోవచ్చో అధికారులు పెంపకందారులతో కూర్చుని తేల్చడం న్యాయమని నా గట్టి అభిప్రాయం.

జత ధర అంగడిలో దొరికే మామూలు కోడెల కంటే కొంత ఎక్కువే, పనిని బట్టి చూస్తే అది గిట్టుబాటయ్యే ధర. కొనదలచినవారు పళ్లు చూసి వయసు నిర్ధారించుకోవాలి, గాలికుంటు టీకా వేయించారో లేదో అడగాలి. కోడెలను అమ్మి ఆవులను నిలుపుకునే కుటుంబం దగ్గరే కొనాలి, అక్కడ మాత్రం బేరం మరీ గట్టిగా ఆడవద్దు.