ఇంట్లోని గ్లాసులు, డబ్బాలే కొవ్వొత్తి అచ్చులు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

మా ఇంట్లో కొవ్వొత్తుల ఖర్చు ఎక్కువ. నవంబర్ 2న సమాధుల పండుగ, తర్వాత క్రిస్మస్, మధ్యలో ఇంటి ప్రార్థనలు. దీపావళికి మా వీధిలోవాళ్లు కూడా అడుగుతారు. కడపకు వచ్చినప్పటి నుంచి ఇవన్నీ నేను ఇంట్లోనే పోస్తున్నాను. అచ్చులు మాత్రం ఎప్పుడూ కొనలేదు. వంటింట్లో, అటక మీద ఉన్న వాటితోనే పని నడుస్తోంది. మైనం పోయడానికి ఏ పాత్రయినా సరిపోతుంది. గట్టిపడిన కొవ్వొత్తి అందులోంచి బయటికి వస్తుందా అన్నదే అసలు పరీక్ష. నేను ప్రతిదాన్నీ దాంతోనే కొలిచాను.

అన్నిటికన్నా మేలు పాత స్టీలు గ్లాసు. మూతి వెడల్పు, అడుగు కాస్త సన్నం, లోపల అద్దంలా నునుపు. పారాఫిన్ మైనం, అంటే మామూలు కొవ్వొత్తుల మైనం, చల్లారేటప్పుడు కుంచించుకుంటుంది కాబట్టి గోడల నుంచి తనే విడిపోతుంది. గ్లాసు బోర్లించి అడుగున తడితే జారి చేతిలో పడుతుంది. మైనంలో పదో వంతు స్టియరిక్ ఆమ్లం (కొవ్వుల నుంచి తీసే, మైనంలా ఉండే తెల్లటి పదార్థం) కలిపితే ఇంకా తేలిగ్గా వస్తుంది, రంగు కూడా తెల్లగా నిండుగా ఉంటుంది. పోసే ముందు లోపల కొబ్బరినూనె వేలితో పలచగా రాస్తే చాలు, ఎక్కువైతే కొవ్వొత్తి మీద చారలు పడతాయి. గ్లాసుకు సొట్ట ఉండకూడదు. చిన్న సొట్ట అయినా లోపలికి పొడుచుకొచ్చి కొవ్వొత్తిని పట్టేస్తుంది. చెంబు, మరచెంబు లాంటివి ఎంత అందంగా ఉన్నా వద్దు, మెడ దగ్గర కొవ్వొత్తి ఇరుక్కుంటుంది.

వత్తి సంగతి. స్టీలు గ్లాసు అడుగున రంధ్రం చేయలేం. నేనైతే కొవ్వొత్తి బయటికి తీశాక సన్నటి ఇనప ఊచ వేడి చేసి నడిమధ్యన నిలువునా దించుతాను. మైనంలో ముంచి ఆరబెట్టిన నూలు వత్తిని ఆ రంధ్రంలో దూర్చి, మిగిలిన సందులో చెంచాడు కరిగిన మైనం పోస్తే సరి. వెడల్పు వైపు కిందికి వచ్చేలా నిలబెడితే సమాధి మీద ఎగుడుదిగుడుగా ఉన్నచోట కూడా కదలదు. లావు కొవ్వొత్తికి సన్న వత్తి పెడితే మధ్యలో గుంట పడి, చుట్టూ మైనం కరగకుండా మిగిలిపోతుంది. అందుకే గ్లాసు వెడల్పు చూసుకుని వత్తి కొనాలి.

ఒక్కసారి పోసి వదిలేస్తే పని పూర్తయినట్టు కాదు. నడుమ గుంట పడుతుంది. పైన గట్టిపడ్డాక సూదితో మధ్యలో పొడిచి, మళ్లీ కొంచెం వేడి మైనం పోయాలి. ఈ రెండోసారి పోసేది మొదటి మట్టం దాటకూడదు. దాటితే మైనం గోడకూ కొవ్వొత్తికీ మధ్య దూరి రెండింటినీ అంటించేస్తుంది. అచ్చులోంచి కొవ్వొత్తి రావడంలేదని బాధపడేవాళ్లలో చాలామందికి జరుగుతున్నది ఇదే అని నా నమ్మకం.

మా వంటింటి గట్టు కడప బండ. గ్లాసులు నేరుగా దాని మీద పెడితే చలికాలంలో బండ వేడిని లాగేసి అడుగు ముందే గడ్డకడుతుంది, కొవ్వొత్తి చుట్టూ అడ్డగీతలు పడతాయి. కింద చెక్క పలకో, మడిచిన గోనెసంచో వేస్తే ఆ గీతలు ఉండవు. మే నెలలో కష్టం వేరే. ఇక్కడ నలభై డిగ్రీలు దాటే ఎండల్లో అచ్చు చల్లారడానికే ఎంతోసేపు పడుతుంది. ఫ్రీజర్‌లో పది నిమిషాలు పెడితే ఊడి వస్తుంది, అంతకన్నా ఎక్కువ ఉంచితే లోపల బీటలు పడతాయి. తయారైన వాటిని ఆ నెలల్లో నిలబెట్టొద్దు, నీడలో పడుకోబెట్టి ఉంచాలి. లేకపోతే వంగిపోతాయి.

జ్యూస్ వచ్చే లీటరు అట్టడబ్బా నాకు రెండో ఇష్టం. పైభాగం కత్తిరించి, కడిగి, బాగా ఆరబెట్టాలి. మైనం బరువుకు పక్కలు ఉబ్బుతాయి కాబట్టి చుట్టూ టేపు బిగించాలి. గట్టిపడ్డాక అట్ట చించేయడమే, తీయడం అన్న టెన్షన్ లేదు. సెలవుల్లో పిల్లలకు ఇందులో ఐసు కొవ్వొత్తి చేసిపెట్టండి. మధ్యలో సన్న కొవ్వొత్తి నిలబెట్టి, చుట్టూ ఐసు ముక్కలు నింపి మైనం పోస్తే, ఐసు కరిగాక జల్లెడలా రంధ్రాలు మిగులుతాయి. నీళ్లు పూర్తిగా వంపి, ఆరాకే వెలిగించాలి.

టీ పేపర్ కప్పు ఒక్కసారికి పనికొస్తుంది, అతుకు దగ్గర కారొచ్చు కాబట్టి పళ్లెంలో పెట్టి పోయండి. రంధ్రాలు లేని పాత ఇడ్లీ రేకులు మాత్రం నీళ్లలో తేలే దీపాలకు అద్భుతం. దీపావళికి ఇత్తడి పాత్రలో నీళ్లు పోసి వీటిని వదిలితే చూసినవాళ్లంతా ఎక్కడ కొన్నారని అడుగుతారు.

గాలికి మంట ఆరిపోకూడదనుకుంటే జామ్ సీసా, ఊరగాయ సీసా మంచివి, కానీ అవి అచ్చులు కావు, కొవ్వొత్తి అందులోనే ఉండాలి. సోయా నూనెతో చేసే సోయా మైనం గోడకు అంటుకుంటుంది కాబట్టి వీటికి అదే సరి. పోసే ముందు సీసాను గోరువెచ్చగా చేయాలి, అడుగున వేలు మందం మైనం మిగలగానే ఆర్పేయాలి. చివరిదాకా కాలిస్తే గాజు పగలొచ్చు.

నీళ్ల ప్లాస్టిక్ సీసా కోసి వాడమని చాలామంది చెబుతారు. నేను వద్దంటాను. మార్కెట్లో దొరికే పారాఫిన్ 58–60 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పోసేటప్పటికి 75 దాటి ఉంటుంది. ఆ వేడికి సీసా ముడుచుకుపోయి మైనం ఒలుకుతుంది, పక్కన పిల్లలుంటే ప్రమాదం. కొబ్బరి చిప్ప కూడా వద్దు, మంట కిందికి దిగాక చిప్పే అంటుకోగలదు. మైనాన్ని నేరుగా స్టవ్ మీద కాకుండా, నీళ్లున్న గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించాలి. పొరపాటున అంటుకుంటే నీళ్లు చల్లొద్దు, మూత పెట్టి గ్యాస్ కట్టేయాలి.

ఒకసారి అచ్చుగా వాడిన గ్లాసును మళ్లీ తాగడానికి పెట్టకండి, రంగులు, సెంటు వేస్తాం కదా. నావి అటక మీద విడిగా సంచిలో ఉంటాయి. కడిగేటప్పుడు మరుగుతున్న నీళ్లలో వేస్తే మైనం పైకి తేలుతుంది. ఆ నీళ్లను సింకులో వంచొద్దు, పైపు మూసుకుపోతుంది. చల్లారనిచ్చి పైన కట్టిన మైనాన్ని తీసి, తడి ఆరాక మళ్లీ కరిగించే గిన్నెలో వేసుకోండి.