పక్షుల పేపర్లు, ప్రోగ్రామింగ్ పేపర్లు: ఒకే గాటన కట్టాలా, విడగొట్టాలా?

పక్షుల గూళ్ల మీదా వలసల మీదా ఏళ్ల తరబడి పేపర్లు రాసిన మనిషి, తర్వాత ప్రోగ్రామింగ్ ఎలా నేర్పాలన్న పరిశోధనలోకి వచ్చాడనుకోండి. సీవీలో పబ్లికేషన్ల పేజీ దగ్గరే చిక్కు మొదలవుతుంది. దారులు మూడు: అన్నీ సంవత్సరాల వరసలో పెట్టడం, జర్నల్, కాన్ఫరెన్స్ అని రకాన్నిబట్టి పెట్టడం, రంగాన్నిబట్టి రెండు జాబితాలు చెయ్యడం.

రకాన్నిబట్టి పెట్టడమే అన్నిటికన్నా నష్టం. ఎకాలజీలో, అంటే పక్షుల పేపర్ల రంగంలో, లెక్కకొచ్చేది జర్నల్ పేపరే. సమావేశానికి పంపేది మామూలుగా ఒక పేరా సారాంశం, దానికి పెద్ద విలువ ఉండదు. కంప్యూటింగ్ ఎడ్యుకేషన్‌లో, అంటే ప్రోగ్రామింగ్ బోధన మీద పరిశోధనలో, సంగతి వేరు. సిగ్‌సీ, ఐసర్, కోలీ కాలింగ్ లాంటి సమావేశాలకు పూర్తి పేపరే పంపాలి. సమీక్షకులు చదివి, చాలావాటిని తిప్పికొడతారు. ఈ రెండూ ‘కాన్ఫరెన్స్’ అన్న ఒకే శీర్షిక కింద పడితే, ఎకాలజీ నుంచి వచ్చిన ఎంపిక కమిటీ సభ్యుడు ఆ భాగం మొత్తాన్నీ సారాంశాలే అనుకుని దాటేస్తాడు.

సంవత్సరాల వరసకు ఒక మంచి గుణం ఉంది: మధ్యలో ఖాళీ కనిపించదు, రంగం ఎప్పుడు మారిందో తెలుస్తుంది. కానీ చదివేవాడికి సగం పేపర్లు తనవి కావు. తనకు కావలసినవి ఏరుకునే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే ఉద్యోగం, ప్రమోషన్ దరఖాస్తులకు రంగాన్నిబట్టి రెండు జాబితాలే మేలు. ఏ కమిటీ చదువుతుందో ఆ రంగాన్ని ముందు పెట్టాలి. ప్రతి జాబితా మీదా ఆ రంగంలో ఎక్కడ అచ్చయితే విలువో ఒక్క వాక్యంలో చెప్పాలి.

హెచ్-ఇండెక్స్‌ను మాత్రం కలిపి చూపొద్దు. ఒక్కోదాన్నీ కనీసం 7 ఇతర పేపర్లు ఉల్లేఖించిన పేపర్లు 7 ఉంటే ఆ ఇండెక్స్ 7 అన్నమాట. పక్షుల పేపర్లకు ఉల్లేఖనలు 60, 41, 30, 22, 15, 9, 7, 3 అనుకుంటే ఇండెక్స్ 7. బోధన పేపర్లకు 25, 12, 8, 4, 2 అనుకుంటే 4. అన్నీ కలిపి లెక్కిస్తే వచ్చేది 8. ఆ ఎనిమిది ఏ రంగంలోని మనిషినీ చూపించదు. గూగుల్ స్కాలర్ ప్రొఫైల్ చూపించేది మాత్రం ఆ కలిపిన అంకెనే.

ఇక ఆన్‌లైన్‌లో పేపర్ల జాబితా ఉంచడానికి గూగుల్ స్కాలరా, ఆర్కిడా? రెంటినీ ఒకే త్రాసులో తూచలేం. స్కాలర్ పేరును చూసి పేపర్లను తనంతట తనే చేర్చుకుంటుంది, కాబట్టి అదే పేరున్న ఇంకొకరి వైద్య పేపరు కూడా వచ్చి కూర్చోవచ్చు. సెట్టింగుల్లో ఆటోమేటిక్ చేర్పు ఆపి, ముందు ఈమెయిల్‌లో అడిగేలా పెట్టుకోవాలి. ఆర్కిడ్ అంటే పరిశోధకుడికి ఇచ్చే 16 అక్షరాల గుర్తింపు. చివరిది తప్పులు పట్టే అక్షరం, అంకె బదులు ఎక్స్ కూడా కావచ్చు. పేపరు పంపేటప్పుడు ఈ నంబరిచ్చి, పేపర్ల డీఓఐలను (శాశ్వత గుర్తింపు సంఖ్యలను) నమోదుచేసే క్రాస్‌రెఫ్‌కు అనుమతిస్తే కొత్తవి వాటంతటవే చేరతాయి. పాతవి మాత్రం మనమే చేర్చుకోవాలి. పేపర్ల వివరాలు రాసుకునే బిబ్‌టెక్ ఫైల్లో డీఓఐ లేకుండా ఎక్కిస్తే, ముందే ఉన్న పేపరు రెండుసార్లు కనిపించవచ్చు, ఎందుకంటే ఆర్కిడ్ నకళ్లను కలిపేది గుర్తింపు సంఖ్యను చూసే. రంగానికొకటి చొప్పున రెండు ఆర్కిడ్‌లు తెరవడం తప్పు; ఒక మనిషికి ఒకటే.

పత్రికల పేర్ల విషయంలో ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. ‘ది ఆక్’ పత్రిక 2021లో ‘ఆర్నిథాలజీ’ అయింది, ‘ది కాండర్’ కూడా అదే ఏడు పేరు మార్చుకుంది. 2015 నాటి పేపరు కింద కొత్త పేరు రాయకూడదు, అచ్చయినప్పటి పేరే ఉండాలి.

అసలు జాబితాను ఒకే బిబ్‌టెక్ ఫైల్లో ఉంచుకుని, ప్రతి పేపరుకూ కీవర్డ్స్ గడిలో ‘పక్షులు’ అనో ‘బోధన’ అనో రాసుకుంటే చాలు. లేటెక్‌లో (పత్రాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో) ఇలాంటి జాబితాలు చేసే బిబ్‌లేటెక్ ఆ కీవర్డ్‌ను పట్టుకుని రెండు జాబితాలనూ విడివిడిగా అచ్చేస్తుంది. ఎకాలజీ విద్యార్థులకు ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పడం మీద రాసిన పేపరు లాంటిది రెంటికీ చెందుతుంది. దానికి రెండు కీవర్డ్‌లూ పెడితే రెండుచోట్లా వచ్చి, మొత్తం లెక్కలో ఒకటి పెరుగుతుంది. అందుకే అది అచ్చయిన పత్రిక ఏ రంగానిదైతే ఆ కీవర్డ్ ఒక్కటే పెట్టాలి.