రికార్డుల పెట్టెతో పాలమూరులో రెండు రోజులు

మా బాపు దాచిన గ్రామఫోను రికార్డులు వినడానికి అమెరికా నుంచి మా మేనల్లుడు తెచ్చిన టర్న్‌టేబుల్‌ను నల్లగొండలోని మా ఇంట్లో పెట్టిన నాటి నుంచి, ఏ పాట వేసినా పాడేవారు నిద్రమత్తులో ఉన్నట్టే వినిపించేది. అది 110 వోల్టుల యంత్రమని ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాము, బెల్టు సాగిందని ఊళ్లో ఒక మెకానిక్ అంటే కొత్త బెల్టూ వేయించాము, అయినా పాట నడక మారలేదు. మహబూబ్‌నగర్‌లో పాత రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నారని బంధువులు చెప్పడంతో, ఏప్రిల్ నెలాఖరున యంత్రాన్నీ పన్నెండు రికార్డులనూ వెంటబెట్టుకుని బయలుదేరాను.

దేవరకొండ, డిండి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా బస్సులు మారుతూ వెళ్లాను. రికార్డులను ఒకదానిపై ఒకటి పేరిస్తే అడుగువాటి మీద బరువు పడి వంగిపోతాయి కనుక, అట్టపెట్టెలో నిలువుగా సర్ది కాళ్ల మధ్య పెట్టుకున్నాను. కారు మాట్లాడుకుంటే సుఖంగానే ఉండేది గానీ, ఎండలో అద్దాలు ఎత్తి నిలిపిన కారులో వాటిని వదిలి భోజనానికి వెళ్లడం నా వల్ల కాదు.

అంత జాగ్రత్తపడ్డవాణ్ని లాడ్జిలో దెబ్బతిన్నాను. బస్టాండుకు దగ్గరలో దిగిన ఆ లాడ్జి కొత్తది; లిఫ్టు, టీవీ, తెల్లటి దుప్పట్లు అన్నీ ఉన్నాయి, గది మాత్రం పై అంతస్తులో, పడమటి కిటికీతో ఉంది. పెట్టెను కిటికీ పక్కన బల్ల మీద ఉంచి, యంత్రంతో మెకానిక్ దగ్గరికి వెళ్లి సాయంత్రం వచ్చి చూస్తే, ఎండ తగిలిన వైపు చివరనున్న ఈపీ అనే చిన్న రికార్డు అంచు నూనెలో వేసిన అప్పడంలా లేచి ఉంది. వినైల్ 60 డిగ్రీల దరిదాపుల్లో మెత్తబడుతుంది, నల్లటి రికార్డుకు నేరుగా ఎండ తగిలితే ఆ వేడి చేరడానికి ఎంతోసేపు పట్టదు. మరునాడు మారిన పాత లాడ్జిలో తువ్వాలు కూడా అడిగి తెచ్చుకోవలసి వచ్చింది, వేడినీళ్లు లేనే లేవు. కానీ కింది అంతస్తులో మందపాటి గోడల గది, కిటికీ వరండాలోకి. నా లెక్కన అదే మేలైన బస.

మెకానిక్ గారు యంత్రాన్ని విప్పలేదు. రికార్డు నడిమి కాగితం అంచున సున్నంతో చుక్క పెట్టి, చేతి గడియారం చూస్తూ ఒక నిమిషంలో అది ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టారు. 33 దాటి తిరగవలసినది 28 కూడా నిండలేదు. “సారూ, అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు తగ్గిస్తది గానీ హెర్ట్జ్ మారుస్తదా?” అన్నారు. ఆ మోటారు కరెంటు హెర్ట్జ్‌ను, అంటే సెకనుకు కరెంటు ఎన్నిసార్లు అటూఇటూ మారుతుందో దాన్ని, బట్టే తిరుగుతుంది కనుక వేగం ఆరింట అయిదు వంతులకు పడిపోయింది. నల్లగొండలో నేను పెట్టిన ఖర్చంతా దండగే అయింది.

ఆయన దగ్గర అమ్మకానికి రెండు యంత్రాలున్నాయి. సూట్‌కేసులా మడిచే కొత్తది చూడముచ్చటగా ఉంది. రెండోది గీతలు పడ్డ పాత జపాన్ బెల్టు యంత్రం. పక్క దుకాణపు కంసాలి దగ్గర చిన్న కాటా తెచ్చి ముళ్ల బరువు తూచి చూపించారు: మొదటిది 5 గ్రాములు దాటింది, రెండోది 2 గ్రాముల దగ్గర ఆగింది. మొదటిదంత బరువు ముల్లు ప్రతిసారీ రికార్డు గాడిని అరగదీస్తుంది. పాతదానిది ఒకే దిక్కున పారే కరెంటుతో నడిచే డీసీ మోటారు కావడంతో హెర్ట్జ్ గొడవా లేదు. ముల్లు కదలికను కరెంటుగా మార్చే దాని అయస్కాంతపు కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే శబ్దం సన్నది కనుక, దాన్ని పెంచే ఫోనో ప్రీయాంప్ వేరుగా కొనక తప్పదని ముందే చెప్పారు, కొన్నాను. నా దగ్గరి, నిమిషానికి 78 సార్లు తిరిగే పాత లక్క రికార్డులను మాత్రం ఆ ముల్లుతో వేయడానికి ఆయన ఒప్పుకోలేదు. వాటి గాడి వెడల్పు, ముల్లూ దాదాపు మూడింతలు లావుగా ఉండాలి. వాటిని స్పిరిట్‌తో తుడవవద్దని, తుడిస్తే లక్క కరుగుతుందని రెండుసార్లు హెచ్చరించారు.

బస్సుకు ముందు ఊరి దగ్గరి పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రికి వెళ్లివచ్చాను. 2018లో చెదలు పట్టినప్పుడు సెలైన్ సీసాలతో మందు ఎక్కించి కాపాడిన చెట్టు అది.

ఇంటికొచ్చాక వినైల్ రికార్డులను బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్‌తో, మెత్తటి గుడ్డతో, గాడి తిరిగిన దిక్కునే తుడిచాను. మా బోరునీళ్లు ఆరినాక గిన్నెల మీద మిగిలే తెల్లటి చారలు గాడుల్లోనూ మిగులుతాయి. వంగిన ఈపీ మీద ముల్లు అలలమీది పడవలా లేచిపడుతోంది, రాగం సాగుతోంది. ఇస్త్రీ పెట్టెతో సరిచేయబోయి ఉన్నదీ పోగొట్టుకోదలచుకోలేదు.

అమెరికా యంత్రం ఆయన దగ్గరే ఉంది. తగ్గిన వేగం తిరిగి పెరిగేలా, బెల్టును తిప్పే మోటారు కప్పీని ఒకటింబావు కంటే కాస్త తక్కువగా, సరిగ్గా 1.2 రెట్లు లావుగా లేత్ మీద తీయిస్తానన్నారు. మొన్న ఫోన్ చేసి తయారైందన్నారు. కింది అంతస్తు గది ఖాళీగా ఉందో లేదో కనుక్కుని బయలుదేరాలి.